మూడో కేక

లంక,
జూన్ 15, 2025

మావయ్యగారికి,

ఈరోజు పొద్దున్న మీరు పంపిన డబ్బా మూత తీసేసరికి లోపల చీమలున్నాయి. ఎలక్ట్రానిక్ బోర్డులూ ఖర్జూరాలూ ఒకే సంచిలో పెట్టారు కదా, అందుకు. కానీ రెండు చీమలు ఖర్జూరాలు వదిలేసి, బోర్డు మీద సన్నటి రాగి గీత వెంట నడుస్తున్నాయి. గీత మలుపు తిరిగిన చోట అవీ తిరిగాయి. దిగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. అమ్మ మాత్రం మొత్తం ఎండలో పెట్టమంది.

మీరు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు చెప్పాల్సింది గుర్తురాదు. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. మీరూ అలాగే రాస్తే మళ్ళీ మళ్ళీ చదువుకోవడానికి ఉంటుంది.

సంగతి ఇది. కొత్తపేటలో నేను చదువుకున్న కాన్వెంటులోనే నన్ను ల్యాబులో సహాయకురాలిగా తీసుకున్నారు. పిల్లలు చిన్న చిన్న యంత్రాలు చేసుకునే ల్యాబు. దసరా సెలవుల దాకా చూసి, ఉంచుకోవాలో లేదో చెబుతారు. నాకు ఆ గది చాలా ఇష్టం. కానీ మన లంక నుంచి గోదావరి పాయ దాటడానికి పడవ దొరకక ఇప్పటికే ఆలస్యాలయ్యాయి. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ కోప్పడలేదు. "మొదటి గంటకి నువ్వు లోపలుండాలమ్మా. బయట ఉంటే నీకోసం నేనేం మాట్లాడను?" అన్నారు.

మన రేవులో బటన్ నొక్కితే అవతలి రేవులో, పడవ నడిపే భీమరాజుగారి పాక దగ్గర లైటు వెలగాలి. అది చూసి ఆయన పడవ తేవాలి. ఈ బోర్డులతో అది అవుతుందని ల్యాబు పుస్తకంలో ఉంది. కానీ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే బోర్డు మీద ఎర్రచుక్క వెలుగుతోంది తప్ప, ల్యాప్‌టాప్ దాన్ని గుర్తించడం లేదు. అది బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ మేనకోడలు,
యామిని


మస్కట్,
శుక్రవారం, జూన్ 20

అమ్మడూ,

నీ ఉత్తరం ఫొటో పెద్దది చేసుకుని చదివేను. నీ చేతిరాత అచ్చేసినట్టుంది. నాది కోడి గెలికినట్టు ఉంటాది, ఓర్చుకో. ఇక్కడ శుక్రవారం సెలవు. బట్టలుతికి ఆరేసి వచ్చి రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఎలక్ట్రీషియన్ని. వైరు సంగతి ఏదడిగినా చెప్తాను. ప్రోగ్రాం సంగతి మాత్రం నీకంటే నాకు తక్కువ తెలుసు. ఆ బోర్డులు మా సైటులో కేరళ ఇంజినీరుగారు గది ఖాళీ చేస్తూ పారేయబోతే నేను అడిగి తీసుకున్నవి.

ఎర్రచుక్క వెలిగిందంటే కరెంటు అందుతోంది. ఫోన్ చార్జింగు వైరు పెట్టి ఉంటావు. మార్చి చూడు. కొన్ని వైర్లలో కరెంటు మోసే తీగలే ఉంటాయి, కబురు మోసే తీగలుండవు. అన్నం పెడతారు గానీ పలకరించరు, మన రాజోలు పెద్దమ్మలాగ.

ఇంకో మాట. ఒడ్డున నిలబడి కేకేస్తే పోయేదానికి ఇంత హంగామా ఏంటే? మా చిన్నప్పుడు భీమరాజు వాళ్ళ నాన్న పడవేసేవాడు. ఒక్క కేకకి లేచేవాడు కాదు. రెండో కేకకీ లేచేవాడు కాదు. మూడో కేక వినపడ్డాకే పడవ తోసే గెడ తీసేవాడు. మొదటిది గాలి కావచ్చు, రెండోది గోదారి కావచ్చు, మూడోసారి కూడా పిలిచేవాడే మనిషి అనేవాడు. భీమరాజుదీ అదే పద్ధతి. నేను మూడు కేకలేసేసరికి కొబ్బరిచెట్ల మీద కాకులన్నీ లేచిపోయేవి.

వాడికి గానీ చెముడొచ్చిందా ఏంటి?

మీ అమ్మని అడిగేనని చెప్పు.

కోడిగెలుకుడు మావయ్య,
సూరిబాబు


లంక,
జూన్ 29

మావయ్యగారికి,

వైరు మార్చాను. బోర్డు బతికే ఉంది.

పుస్తకంలో మొదటి పాఠం ఒక చిన్న లైటును వెలిగించి ఆర్పడం. ప్రోగ్రాంలో రెండు భాగాలు. మొదటిది బోర్డు నిద్రలేవగానే ఒక్కసారి జరుగుతుంది. బోర్డు అంచున ఉండే లోహపు కాళ్ళలో ఏది ఏ పని చేయాలో చెప్పడం. రెండోది కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. వెలుగు, కాస్త ఆగు, ఆరిపో, కాస్త ఆగు. చివరి వాక్యం అవగానే మళ్ళీ మొదటి వాక్యం. దానికి విసుగుండదు.

ఒక వాక్యం చివర పెట్టాల్సిన గుర్తు మరిచిపోతే మొత్తం ప్రోగ్రాంనే తిప్పి పంపింది. మా ఇంగ్లిషు సిస్టర్ కూడా ఇంత కచ్చితంగా ఉండేవారు కాదు.

తర్వాత ఆగే సమయాన్ని తగ్గించుకుంటూ వెళ్ళాను. ఒక చోటికి వచ్చేసరికి మినుకుమినుకు పోయి, నిలకడగా వెలుగుతున్నట్టు కనిపించింది. కానీ అది ఆరుతూనే ఉండాలి కదా. కిటికీ మూసి, బోర్డును చేత్తో పట్టుకుని గాల్లో అటూ ఇటూ ఊపాను. వెలుగు ముక్కలు ముక్కలుగా కనిపించింది. మధ్యలో చీకట్లు. అంటే మన కన్నే వాటిని కలిపేస్తోంది. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఎవరికే దిష్టి తీస్తున్నావు?" అంది.

భీమరాజుగారి సంగతి అడిగారు. నేను రేవులో ఉన్నప్పుడు ఆయనకు వినపడదు. పొద్దుటి పూట గాలి అవతలి నుంచి ఇటు వీస్తుంది. ఇంకెవరైనా వచ్చేదాకా ఆగుతాను. వాళ్ళు వస్తే పడవ వస్తుంది.

పాయ దాటి కబురు వెళ్ళాలంటే అంటెన్నా ఉన్న రేడియో ముక్కలు రెండు కావాలట. అక్కడ దొరుకుతాయా?

మీ
యామిని


మస్కట్,
శుక్రవారం, జూలై 4

అమ్మడూ,

చీకట్లో బోర్డు ఊపడం నేనూ చేసేను, నా టార్చిలైటుతో. అది ఉత్తినే వెలుగుతోంది, ముక్కలు రాలేదు. నా గదిలోవాళ్ళు నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

రేడియో ముక్కలు కొన్నాను. తాటిపాక మాణిక్యంగారు వచ్చే వారం ఊరొస్తున్నారు, వారి చేతికిచ్చేను. వెళ్ళి తెచ్చుకో. ఈసారి ఖర్జూరాలు వేరే సంచి. లైటుకి రెండు కాళ్ళుంటాయి, పొడుగుది కరెంటు వైపు. మధ్యలో కరెంటుని తగ్గించే రెసిస్టరు పెట్టకుండా తగిలించకు, ఒక్క మెరుపు మెరిసి చచ్చిపోతాది.

ఇంక భీమరాజు. నువ్వు రాసింది చదివి నాకు మనసొప్పలేదు. చిన్నప్పటి స్నేహితుడు కదా, ఫోన్ చేసేను.

"ఏరా, చెవులు చూపించుకోవచ్చు కదరా? అమలాపురంలో మంచి డాక్టర్లున్నారు" అన్నాను.

అవతల చప్పుడు లేదు.

"ఒరే, వినపడతందా?" అని అరిచేను.

"వినపడతంది, అరవకు! చీకట్లో కొబ్బరికాయ రాలితే అది ఎవరి చెట్టుదో చెప్తాను నేను. నాకు చెముడని ఏ వెధవ చెప్పేడ్రా నీకు?"

నీ పేరు చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు అన్నానంతే. చెవులు పోయినవాళ్ళు ఒప్పుకోరు అమ్మడూ, మా మేస్త్రీ కూడా ఇంతే. నువ్వు లైటు పెట్టెయ్. వాడికీ ఉపకారం.

మీ మావయ్య


లంక,
జూలై 20

మావయ్యగారికి,

భీమరాజుగారికి చెముడు లేదు. ఆయనకు మీరు ఫోన్ చేస్తారని నాకు తెలియదు.

సోమవారం పడవ నడిమధ్యలో గెడ ఆపి, అందరి ముందూ అడిగారు. "అమ్మాయిగారండీ, నాకు చెముడని మస్కట్ దాకా కబురెళ్ళిందంటండీ. తమరికేమన్నా తెలుసాండీ?"

నేను నీళ్ళకేసి చూశాను. పక్కన సత్తెమ్మగారున్నారు, ఆయాసానికి మందులు తెచ్చుకోవడానికి కొత్తపేట వెళ్తూ. "నీకు చెముడేంటి భీమరాజూ? మొన్న నేను ఇవతల దగ్గితే అవతల నుంచి మందేసుకున్నావా అని అడగలేదూ?" అన్నారు.

"ఆయ్! అదీ అడగండి" అన్నారాయన. మిగతా దారంతా ఎవరేమన్నా ముందుగానే "వినపడిందండీ, వినపడింది" అంటూ వచ్చారు. అందరూ నవ్వారు.

దిగేటప్పుడు లైటు సంగతి చెప్పాను. వినగానే కాదంటారనుకున్నాను. చాలాసేపు ఆలోచించి, "ఎట్టుకోండి. కానీ మూడుసార్లు వెలిగితేనే వస్తానండీ. ఒక్కసారికి రాను. అది మా నాన్న మాట" అన్నారు.

రేడియో ముక్కలు పనిచేస్తున్నాయి. ఎంత దూరం వెళ్తాయో చూడటానికి అమ్మ లైటున్న బోర్డు పట్టుకుని గట్టు మీద నడిచింది. నేను ఇంటి దగ్గర నుంచి బటన్ నొక్కుతున్నాను. వెలిగితే అమ్మ గొడుగు ఎత్తాలి. కొబ్బరితోట చివరి దాకా గొడుగు లేస్తూనే ఉంది. ఆపైన ఆగిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు. దూరం సరిపోలేదనుకుని దిగులుపడి వెళ్ళేసరికి అమ్మ స్టీలు క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. చినుకులు పడుతున్నాయని బోర్డును క్యారేజీలో పెట్టి మూత బిగించింది. రేడియో మాట స్టీలు దాటి లోపలికి వెళ్ళదు. మూత తీయించి, ఇంటికి తిరిగొచ్చి నొక్కితే గొడుగు మళ్ళీ లేచింది. ఇది పుస్తకంలో లేదు. రాసినాయనకి మా అమ్మ తెలియదు.

శుక్రవారం రెండు ఒడ్లకీ బిగించాను. శనివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి భీమరాజుగారు ఇవతల రేవులో ఖాళీ పడవలో కూర్చుని ఉన్నారు. లైటు తెల్లవారినప్పటి నుంచి వెలిగి ఆరుతోందట. ఆయన వచ్చారు, ఎవరూ లేరు. వెళ్ళారు, మళ్ళీ వెలిగింది. మళ్ళీ వచ్చారు.

"మూడుసార్లు వెలిగింది కదండీ, రాకపోతే ఎలాగండీ" అన్నారు.

బటన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. నేను దగ్గరికి చెయ్యి తీసుకువెళ్తే చాలు, ముట్టుకోకుండానే వెలుగుతోంది. ఎందుకు?

మీ
యామిని


మస్కట్,
శుక్రవారం, జూలై 25

అమ్మడూ,

నీ ప్రశ్న చూసి నాకేం తోచలేదు. కేరళ ఇంజినీరుగారికి చూపించేను. ఆయన నవ్వేసి, అందరూ మొదట చేసే తప్పే అన్నారు. బటన్ నొక్కినప్పుడు బోర్డు కాలికి కరెంటు తగులుతోంది, సరే. నొక్కనప్పుడు ఆ కాలు దేనికీ తగలకుండా గాల్లో వేలాడుతోంది. అప్పుడు కరెంటు ఉందో లేదో దానికి తెలీదు. తేమ, గాలి, నీ చెయ్యి, ఏది దగ్గరికొచ్చినా అదే కబురనుకుంటాది. నొక్కనప్పుడు కూడా దాన్ని ఏదో ఒకదానికి కట్టి ఉంచాలి. పడవని రాటకి కట్టినట్టు.

ఎవరూ ఏమీ చెప్పకపోతే ఊరుకోదు, తనకి తోచింది అనుకుంటాది. నేను భీమరాజుకి చెముడు అంటగట్టినట్టు.

నిన్న వాడే ఫోన్ చేసేడు. "సూరిగా, ఒక మాట. నువ్వేం అనుకోకు. మీ అమ్మాయిగారు ఒక్కసారి కూడా కేకెయ్యరురా. ఒడ్డున పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. ఇంకోళ్ళొచ్చి కేకేస్తే ఎక్కుతారు. నేనే వెళ్ళొచ్చు, చూస్తానే ఉంటాను. కానీ ఊళ్ళో అమ్మాయి, పిలవకుండా ఆవిడొక్కరి కోసం పడవ తీసుకెళ్తే ఏమన్నా అనుకుంటారేమోనని" అన్నాడు.

నిజమేనా?

మీ మావయ్య


లంక,
ఆగస్టు 10

మావయ్యగారికి,

నిజమే.

కాలికి కట్టాల్సింది బోర్డు లోపలే ఉంది. ప్రోగ్రాంలో ఒక్క మాట మారిస్తే చాలు. వైర్లు కూడా కొంచెం మార్చాను. ఇప్పుడు ఎవరూ నొక్కనప్పుడు అది "ఒకటి" అంటుంది. నొక్కితే "సున్నా" అంటుంది. మొదట తలకిందులుగా అనిపించింది. ఊరికే ఉన్నంతసేపూ ఉన్నాను, ఉన్నాను అంటూ, పిలిచినప్పుడు మాత్రం మౌనంగా ఉంటుంది. రెండు రోజులు దాని గురించే ఆలోచించాను.

ఇంకొకటి కనిపెట్టాను. బటన్ ఒక్కసారి నొక్కితే బోర్డుకు చాలాసార్లు నొక్కినట్టు తెలుస్తోంది. లోపలి రేకు అదురుతుందట. అందుకని మొదటిసారి విన్నదాన్ని నమ్మకూడదు. కొంచెం ఆగి మళ్ళీ అడగాలి, ఇంకొంచెం ఆగి ఇంకోసారి. అప్పటికీ అదే జవాబు వస్తే నిజంగా నొక్కారని లెక్క. పుస్తకంలో దీనికి ఒక పేజీ మొత్తం ఉంది. అది చదువుతూ భీమరాజుగారి నాన్నగారిని తలుచుకున్నాను.

ఇప్పుడు ఒకసారి నొక్కితే అవతల మూడుసార్లు వెలుగుతుంది. లైటు పెట్టాక ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. సత్తెమ్మగారు కూడా నొక్కుతున్నారు. ఆవిడకు కేక వేసే ఊపిరి లేదు. నొక్కి, అవతల వెలగడం చూసి, "నా మాట వెళ్ళిందే!" అంటారు ప్రతిసారీ.

వరదకి గోదావరిలో ఎర్రనీళ్ళు వచ్చి మూడు రోజులు పడవ లేదు. నిన్నటి నుంచి మళ్ళీ తిరుగుతోంది.

సిస్టర్ పిలిచారు. ఆలస్యం సంగతి కాదు. ఈ నెలాఖరులో ఏడో తరగతికి నేను పాఠం చెప్పాలట, ఈ బోర్డుల గురించే. సిస్టర్ వెనక బెంచీలో కూర్చుంటారు. "నీకు పని వచ్చని నాకు తెలుసు. నా బెంచీ దాకా వినపడితే ఉంచుకుంటాను" అన్నారు.

నేను పాఠమంతా రాసుకున్నాను. కంఠతా వచ్చు. ఇంట్లో చదివితే పక్క గదిలో అమ్మకు వినపడటం లేదు.

యామిని


మస్కట్,
శుక్రవారం, ఆగస్టు 15

అమ్మడూ,

ఇంత దానికి దిగులెందుకు? మైకు పెట్టించుకో. చొక్కాకి తగిలించుకునే చిన్న మైకులు ఇక్కడ చవగ్గా ఉన్నాయి, నేను పంపుతాను. ఇరవయ్యో తారీఖున ఒకాయన వస్తున్నారు.

లేదా పాఠం నల్లబల్ల మీద రాసేసి, చేతుల్తో చేసి చూపించు. ఆ బోర్డుకి మాత్రం నోరుందా? లేదా సిస్టరుగారికి నాకు రాసినట్టే ఒక ఉత్తరం రాసివ్వు. నీ ఉత్తరం చదివితే ఎవరు కాదంటారు?

మీ అత్తయ్య ఉషారాణి ఫోన్లో అంటోంది, "మీ మేనకోడలు పదిమందిలో మాట్లాడదని మీకిప్పుడు తెలిసిందా? మన పెళ్ళిలో నాకు హారతి ఇవ్వమంటే పళ్ళెం గుమ్మంలో పెట్టి పారిపోయింది" అని. నాకు జ్ఞాపకం లేదు. ఉంటే భీమరాజుని అనేవాణ్ణి కాదు.

మైకు పంపమంటావా?

మీ మావయ్య


లంక,
ఆగస్టు 30

మావయ్యగారికి,

మైకు వద్దని అప్పుడే రాయాల్సింది. రాయలేదు. అత్తయ్య చెప్పింది నిజమే. పళ్ళెం గుమ్మంలో పెట్టాను, కానీ హారతి ఆరలేదు.

నిన్న పాఠం అయింది.

పొద్దున్న రేవులో ఎవరూ లేరు. భీమరాజుగారు అవతల పాక ముందు వల బాగుచేసుకుంటున్నారు. నేను కేక వేశాను. మొదటిది ఎవరికీ వినపడనంత చిన్నగా వచ్చింది. రెండోది నాకు వినపడింది. మూడోదానికి ఆయన తల ఎత్తారు.

పడవ తెచ్చి, నా చుట్టూ చూశారు.

"ఎవరండీ కేకేసింది?"

"నేనేనండీ."

నేను ఎక్కాక ఆయన పడవను ఒడ్డు నుంచి తోశారు. తర్వాత, "మీ మావయ్యగారితో చెప్పండి, భీమరాజుకి వినపడిందని" అన్నారు. పాయ దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నారు.

క్లాసులో మొదటి రెండు వాక్యాలు చెబుతుంటే సిస్టర్ వెనక నుంచి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. మూడో వాక్యానికి చెయ్యి దించారు. ఆ తర్వాత నేను ఆవిడ వైపు చూడలేదు. పిల్లలకు గాల్లో వేలాడే కాలు చూపించాను. చెయ్యి దగ్గరికి తెస్తే వెలిగేసరికి బెంచీలెక్కారు. వీరవెంకటసత్యనారాయణ అనే పిల్లవాడు, "మేడమ్, దానికి దెయ్యం పట్టిందా?" అన్నాడు. క్యారేజీ సంగతి కూడా చెప్పాను. అది తెచ్చి చూపించమన్నారు.

సిస్టర్ ఇంకా ఏమీ చెప్పలేదు. సోమవారం చెబుతారట.

మీ
యామిని


మస్కట్,
శుక్రవారం, సెప్టెంబర్ 5

అమ్మడూ,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించేను. తెలుగు రానివాళ్ళకి అరవడం చేసి చూపించేను. భీమరాజుకి వెంటనే ఫోన్ చేస్తే, "ఆ పిల్ల కేక గోదారి కేకరా" అన్నాడు.

సోమవారం ఏం చెప్పేరో రాయనే లేదు. నాలుగు రోజుల నుంచి ఫోన్ చూసుకుంటున్నాను.

కానీ ఒకటి. లైటు పాడైందని నాకెందుకు రాయలేదు? పాఠం రోజునే పోవాలా? వరద తేమకి టంకం వదిలేసి ఉంటాది, లేదా బ్యాటరీ దిగిపోయి ఉంటాది. విప్పి ఫొటో పంపు. నువ్వు ఆ పొద్దున్న ఎంత కంగారుపడి ఉంటావో తలుచుకుంటే నాకిక్కడ పని మీద మనసు లేదు. సత్తెమ్మగారు కూడా దాని మీదే ఆధారపడ్డారంటివి. మంచి డబ్బా కొత్తది పంపుతాను, నీళ్ళు చొరనిది.

మీ మావయ్య


లంక,
సెప్టెంబర్ 7

మావయ్యగారికి,

సిస్టర్ ఉంచుకున్నారు. దసరా తర్వాత నుంచి ఏడో తరగతి, ఎనిమిదో తరగతి నావే. సోమవారం చెప్పారు. నాకే నమ్మకం కుదరక రాయలేదు.

డబ్బా పంపనక్కరలేదు. వీలైతే చిన్న లైట్లు పంపండి, పిల్లలు రెసిస్టరు పెట్టకుండా తగిలించి చాలా వాటిని చంపేశారు. మీరు చెప్పినట్టే ఒక్క మెరుపు మెరిసి పోతున్నాయి. వాళ్ళకు ఆ మెరుపే ఇష్టంగా ఉంది.

అమ్మ క్యారేజీ బడిలోనే ఉండిపోయింది. అమ్మ రోజూ అడుగుతోంది.

లైటు పాడవలేదు మావయ్యా. టంకం బాగుంది, బ్యాటరీ నిండుగా ఉంది. ఆ రోజు సత్తెమ్మగారు నా తర్వాతి పడవకు దాంతోనే పిలిచారు.

ఆ పొద్దున్న నేను బటన్ నొక్కలేదు.

యామిని